చిలకానగర్‌లో ఎఫ్రాయిన్ దినాలు

ఉమామహేశ్వర్ గారు మా ఇంటి ఓనరు. చిలకానగర్‌లో ఆయన కట్టుకున్న చిన్న డాబా మీద, రెండు గదుల పోర్షన్‌లో చాలా ఏళ్లుగా అద్దెకుంటున్నాం. ఓనరంటే పెద్దగా ఏమీ ఊహించుకోవద్దు. నాచారం పారిశ్రామికవాడలో నీళ్ల సీసాలకూ మందు సీసాలకూ ప్లాస్టిక్ మూతలు చేసే ఫ్యాక్టరీ ఒకటుంది. అందులో మౌల్డింగ్ మిషన్ నడిపే ఆపరేటరు ఆయన. ఇంటి ముందు గదిలో ఆయన భార్య ఛాయాదేవి చీరలకు ఫాల్స్ కుట్టి పీకో చేస్తుంది. ఒక్కతే కూతురు హరిణి, డిగ్రీ చదువుతోంది.

నేను భీమవరం నుంచి వచ్చినదాన్ని. బోడుప్పల్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. ఉమామహేశ్వర్ గారి గురించి నేను రాయడానికి కారణం ఆ ఇంగ్లీషే. ఆయనకీ, ఆయన జన్మలో ఎదురుగా చూడని ఒక స్నేహితుడికీ మధ్య ఏడాదిన్నర పాటు మాటలు మోసింది నేనే.

ఆయన పొడుగ్గా, కాస్త ముందుకు వంగినట్టు ఉండేవారు. వేడి ప్లాస్టిక్ చింది ముంజేతుల నిండా తెల్లటి మచ్చలు. మాట తక్కువ. అలాంటి మనిషి యూనియన్ సెక్రటరీ ఎలా అయ్యారో నాకు మొదట అర్థమయ్యేది కాదు. తర్వాత హరిణి చెప్పింది. మునుపటి సెక్రటరీకి మేనేజ్‌మెంటు సూపర్‌వైజర్ ఉద్యోగం ఇస్తే అటు వెళ్లిపోయాడట. కొత్తవాళ్లను ఎన్నుకునే మీటింగులో ఎవరూ నోరు విప్పలేదు. ఈయన ఖాళీ చాయ్ కప్పులు ఏరుతుంటే ఎవరో "మా ఉమన్న ఉంటడు" అన్నారు. కాదనడం ఆయనకు చేతకాదు.

"సెక్రటరీ అయిన్నుంచి ఆదివారం గూడ ఇంట్ల ఉంటలేడు మేడం," అనేది ఛాయాదేవి, మిషన్ మీద నుంచి తలెత్తకుండానే. "ఎవని కాలు ఇరిగినా ఈయననే ఉరుకుడు."

ఆ ఫ్యాక్టరీని ఒక విదేశీ కంపెనీ కొన్నది. ఆ కంపెనీకి చాలా దేశాల్లో ఇలాంటి మూతల ఫ్యాక్టరీలున్నాయి. వాటిలో పనిచేసే యూనియన్లన్నిటినీ ఒకచోట కూర్చోబెట్టాలని ఒక అంతర్జాతీయ కార్మిక సమాఖ్య ఆన్‌లైన్ మీటింగు పెట్టింది. దానికి ముందురోజు సాయంత్రం ఉమామహేశ్వర్ గారు మెట్లెక్కి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డారు.

"మేడం, రేపు జర టైం ఉంటదా? ఇంగ్లీష్‌ల మాట్లాడేది ఉంది. నాకైతే ఒక్క ముక్క రాదు."

"దానిదేముందండీ, నేనుంటాను," అన్నాను. ఒక గంట పని అనుకున్నాను.

ఫోను తెర మీద చిన్న చిన్న గళ్లలో ఎవరెవరో మనుషులు. ఒక గడిలో పొట్టిగా, బుగ్గ మీసాలతో ఒకాయన ఫ్యాక్టరీలోనే ఎక్కడో మూల నిలబడి మాట్లాడుతున్నాడు. పేరు ఎఫ్రాయిన్. గ్వాటెమాలాలో వాళ్ల యూనియన్ కార్యదర్శి. ఆయన స్పానిష్‌లో చెబితే, వాళ్ల యూనియన్‌కు సాయంగా ఉండే లుసియా అనే అమ్మాయి ఇంగ్లీషులోకి మార్చేది. నేను తెలుగులో చెప్పేదాన్ని. జీతాలు, పని గంటలు, కాంట్రాక్టు పద్ధతి, ఇలా ఏవేవో నడుస్తున్నాయి. ఉమామహేశ్వర్ గారు మాత్రం ఆ మనిషి వెనక్కే చూస్తున్నారు.

"మేడం, ఆయన ఎనకాల నీలి రంగు మిషన్ కనవడ్తలేదా? అది నా మిషనే. అంటే నా మిషన్ అసొంటిదే. పొద్దుగాల ఆన్ చెయ్యంగనే మూతలు అంచుకాడ చిట్లుతయా, అడుగున్రి."

మీటింగులో అడగాల్సిన ప్రశ్న అదేనా అని నాకనిపించింది. అయినా అడిగాను. లుసియా చెప్పేసరికి ఎఫ్రాయిన్ పగలబడి నవ్వాడు. చిట్లుతాయనీ, మూతలు పోసే అచ్చు వేడెక్కకముందే నడిపించమని మేనేజరే తొందరపెడతాడనీ, మూత చిట్లితే తిట్లు మాత్రం తమకేననీ అన్నాడు.

"మాకు గూడ గంతే," అన్నారు ఉమామహేశ్వర్ గారు. నేను తర్జుమా చెయ్యకముందే అవతలాయనకు అర్థమైపోయినట్టుంది, తల ఊపాడు.

అక్కణ్ణుంచి ఆదివారాలు ఫోనులో కలుసుకోవడం అలవాటైంది. ఇక్కడ పొద్దుగూకే వేళకు అక్కడ తెల్లవారుతుంది. ఎఫ్రాయిన్ కాఫీ కప్పుతో కూర్చునేవాడు, ఈయన చాయ్‌తో. వెనక వంటింట్లో ఎఫ్రాయిన్ భార్య ఒఫేలియా అరచేతులతో తట్టి మక్కరొట్టెలు చేయడం చూసి ఛాయాదేవి కుట్టు ఆపేసి వచ్చింది. "అగో, మా అమ్మ లెక్కనే చేతుల మీద తట్టుతుంది సూడున్రి!" అంది. పై ఆదివారం తనూ చేసి ఫోనులో చూపించింది. ఆ ఇద్దరాడవాళ్లకూ నా అవసరం పెద్దగా ఉండేది కాదు. పిండి చూపించి, వేళ్లతో నీళ్లు చూపించి, నవ్వుకునేవారు.

ఎఫ్రాయిన్ వాళ్ల దగ్గర కాంట్రాక్టు కార్మికుల్ని యూనియన్‌లో చేర్చుకుంటున్నారు. అది అక్కడి మేనేజ్‌మెంటుకు గిట్టలేదు. ఒక ఆదివారం ఎఫ్రాయిన్ కాఫీ లేకుండా వచ్చి కూర్చున్నాడు. తెల్లారి తలుపు తీస్తే గుమ్మం ముందు పూలచక్రం ఉందట. వాళ్ల దేశంలో శవపేటిక మీద పెట్టేది. మధ్యలో ఆయన పేరు రాసి ఉంది.

నేను ఆ మాట తెలుగులో చెప్పాను. "ఇంట్ల పిల్లలు సూసిన్రా?" అని అడిగారు ఉమామహేశ్వర్ గారు. చూశారు. చిన్నది దాన్ని బహుమతి అనుకుని లోపలికి తెచ్చిందట.

మర్నాడు ఆయన గేటు దగ్గర మనుషుల్ని పోగు చేశారు. ఫ్యాక్టరీ స్టోరు చూసే పట్టాభిరామయ్య మా ఊరి వైపు మనిషే. తర్వాత ఆయనే నాకు చెప్పాడు. "నేను ఊరుకోలేదమ్మా, అడిగేశాను. మన బోనసు సంగతే తేలలేదు, మధ్యలో ఆ గ్వాటెమాలా ఎక్కడిదయ్యా, మ్యాపులో చూపించు అన్నాను. దానికి ఉమా ఏమన్నాడో తెలుసా? మ్యాపుల నాకు గూడ తెల్వదన్నా, మిషన్ కాడికి రా, సూపిస్త, అన్నాడు."

హరిణి లుసియాను అడిగి తెలుసుకుని, అట్టముక్కల మీద స్పానిష్‌లో "ఎఫ్రాయిన్ ఒంటరి కాడు" అని రాసిచ్చింది. నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని, ఆ అట్టలు పట్టుకుని, భోజనాల వేళ గేటు ముందు నిలబడి ఫొటో దిగారు. పట్టాభిరామయ్య కూడా ఒక చివర నిలబడ్డాడు. సమాఖ్య ఆ ఫొటోను అన్ని దేశాలకూ పంపింది. మిగతా ఫ్యాక్టరీల వాళ్లూ అలాగే నిలబడ్డారు. కంపెనీ పెద్ద ఆఫీసు కదిలింది. ఎఫ్రాయిన్ ఇంటికి కాపలా మనిషిని పెట్టారు. అక్కడి మేనేజరును మార్చారు. నాచారం వాళ్ల ఫొటోను పెద్దగా అచ్చు వేయించి తమ యూనియన్ గదిలో గోడకు అంటించామని ఎఫ్రాయిన్ చూపించాడు. ఆ రోజు ఉమామహేశ్వర్ గారు కింద నుంచి గట్టిగా "మేడం, బిర్యానీ తెస్తున్న, వంట చెయ్యకున్రి" అని కేకేశారు. ఆయన గొంతు అంత గట్టిగా వినడం అదే మొదలు.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. బెదిరింపులు ఆగాయి కదా అని కంపెనీ కాపలా తీసేసింది.

లుసియా నాకు ఫోను చేసినప్పుడు నేను స్టాఫ్‌రూంలో పేపర్లు దిద్దుతున్నాను. ఆ అమ్మాయి మొదట స్పానిష్‌లోనే ఏదో మాట్లాడేసింది. తర్వాత ఇంగ్లీషులో చెప్పింది. ముందురోజు పొద్దున షిఫ్టుకు వెళుతూ ఎఫ్రాయిన్ ఫ్యాక్టరీ ఎదురుగా బస్సు దిగాడు. మోటారుసైకిల్ మీద ఇద్దరు వచ్చి కాల్చారు. అక్కడికక్కడే పోయాడు.

సెలవు పెట్టి ఆటో ఎక్కాను. ఉప్పల్ రోడ్డంతా దుమ్ము, హారన్లు. ఈ మాట ఆయనకు ఏ వరసలో చెప్పాలా అని దారంతా కూడబలుక్కుంటూనే ఉన్నాను. ఇంటికి చేరేసరికి ఆయన మొదటి షిఫ్టు ముగించుకొచ్చి డాబా మీద నీళ్ల ట్యాంకులో ఫ్లోటు బిగిస్తున్నారు.

"అన్నయ్యగారూ, కాస్త కిందికి దిగండి."

"అయిపోయింది మేడం, ఒక్క నిమిషం. ఏంది, బడి గింత జల్ది ఇడిసిన్రా?"

"లుసియా ఫోను చేసింది. ఎఫ్రాయిన్ గారిని... నిన్న పొద్దున చంపేశారట."

ఆయన చేతిలో పానా అలాగే ఉంది. నా వైపు చూడలేదు.

"ఏడ?"

"బస్సు దిగిన చోట. ఫ్యాక్టరీ ముందే."

"తిని బయిల్దేరిండా మరి? ఆయన పొద్దుగాల తినకనే పోతడని ఒఫేలియమ్మ గులుగుతుంటది."

నాకు తెలియదన్నాను. ఆయన తల ఊపి, మళ్లీ ట్యాంకు వైపు తిరిగి ఫ్లోటు పూర్తిగా బిగించారు. మూత పెట్టారు. దిగి, చేతులు కడుక్కుని, మెట్ల మీద కూర్చున్నారు. ఛాయాదేవి వచ్చి ఏమైందని అడిగితే నేనే చెప్పాను. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత ఆయన గడ్డం గీసుకోవడం మానేశారు. ఇంట్లో నీచు వండొద్దన్నారు. గల్లీలో వాళ్లు గమనించి అడగడం మొదలుపెట్టారు. ఛాయాదేవి నా దగ్గరకొచ్చి వాపోయింది.

"ఎవలు పోయిన్రు, ఎవలు పోయిన్రు అని పీకో కోసం వచ్చినోళ్లంతా అడుగుతున్నరు మేడం. ఏమని చెప్పాలె? అన్నదమ్ముడా, పాలోడా? ఎన్నడు ఎదురుంగ సూడని మనిషాయె."

లోపల నుంచి ఆయన విన్నారు. "మా కంపెనీల మనిషని చెప్పు," అన్నారు.

పదకొండో రోజున నేను స్కూలుకు తయారవుతుంటే డాబా మీద అలికిడైంది. వెళ్లి చూస్తే ఛాయాదేవి. తలస్నానం చేసి, తడిజుట్టుతోనే, పిట్టగోడ మీద విస్తరాకు పరిచి మక్కరొట్టెలూ బెల్లం ముక్కా పెడుతోంది.

"ఆళ్ల మతంల కాకికి పెట్టుడు ఉంటదో లేదో నాకెరుక లేదు మేడం," అంది, నేనేమీ అడగకముందే. "మన మనిషి అన్కున్నంక మనకు తెలిసినట్టు జేసుడే గదా."

ఉమామహేశ్వర్ గారు కాస్త దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డారు. కాకి రాలేదు. చిలకానగర్‌లో కాకులెక్కడివి? పావురాలు వచ్చి వాలాయి. ఛాయాదేవి తరమబోతే ఆయన ఆపారు.

"ఉండనియ్యి. తిననియ్యి వాటిని."

ఆ రోజే ఫ్యాక్టరీలో సంతాపసభ పెట్టాలని ఆయన నిర్ణయం. ఇక్కడ కూడా అప్పటికే కాంట్రాక్టు కార్మికుల గొడవ నడుస్తోంది. ఏళ్ల తరబడి పనిచేస్తున్నవాళ్లను పర్మనెంటు చెయ్యమని యూనియన్ పట్టుబట్టింది. అందుకని సభకు మేనేజ్‌మెంటు ఒప్పుకోలేదు. గేటు బయట పెట్టుకున్నారు. మాట్లాడమంటే ఆయన రెండు ముక్కలే మాట్లాడారట. "ఆయన కాంట్రాక్టు పిల్లల కోసం కొట్లాడిండు, పానం పోయింది. మనం గూడ గదే కొట్లాడుతున్నం. ఒక గంట మిషన్లు ఆపుదాం, ఆయన పేరు మీద." అంతే. మిషన్లన్నీ ఆగాయి. మూతల ఫ్యాక్టరీలో అంత నిశ్శబ్దం తానెప్పుడూ ఎరగనని పట్టాభిరామయ్య అన్నాడు.

రెండు రోజుల తర్వాత షిఫ్టు దిగి స్కూటర్ మీద వస్తుంటే, పారిశ్రామికవాడ వెనక గోడ పక్క రోడ్డులో ఆయన్ని ఆపారు. నలుగురు. మొహాలకు గుడ్డలు. చేతుల్లో ఇనుపరాడ్లు. కాస్త వెనగ్గా పట్టాభిరామయ్య వస్తున్నాడు. దూరం నుంచే అంతా చూశాడు, విన్నాడు.

"ఏ దేశమోని కోసమో మిషన్లు బంద్ పెడ్తవారా? వాని తానికే పోతవా?" అంటూ కొట్టారట. ముందు మొహం మీద, తర్వాత కుడిచేతి మీద. మిషన్ నడిపే చెయ్యి ఏదో వాళ్లకు ముందే తెలిసినట్టుంది. పట్టాభిరామయ్య అరుస్తూ పరిగెత్తాడు. అరవై ఏళ్లకు దగ్గరపడిన మనిషి, చేతిలో టిఫిన్ డబ్బా తప్ప ఏమీ లేదు. వాళ్లు బైకులెక్కి మల్లాపూర్ వైపు వెళ్లిపోయారు.

దవడ రెండు చోట్ల విరిగింది. ఎడమ చెవికి వినికిడి పోయింది. కుడి మణికట్టు ఎముకలు నుజ్జయ్యాయి. ఆపరేషన్ అయ్యాక ఆయన్ని చూడటానికి వెళితే, పళ్లను తీగలతో కట్టేసి ఉంచారు. కళ్లు మాత్రమే ఆయనవి. ఛాయాదేవి మంచం పక్కన కూర్చుని స్పూనుతో జావ పడుతోంది. నన్ను చూసి, "ఆయనకెందుకు మేడం ఇదంత, ఆ చాయ్ కప్పులేవో తీసుకుంట ఉన్నా బాగుండు," అని, మళ్లీ స్పూను ముంచింది.

పట్టాభిరామయ్య పోలీసులకు చూసింది చూసినట్టు చెప్పాడు. భార్య వద్దని ఏడ్చినా వెళ్లి చెప్పాడు. మొహాలు కనబడలేదు కాబట్టి ఎవరినీ గుర్తుపట్టలేకపోయాడు. గుర్తుతెలియని వ్యక్తులు అని కేసు రాశారు. ఈరోజుకీ ఆ వ్యక్తులు గుర్తుతెలియనివాళ్లే.

ఆయన్ని ఇంకా డిశ్చార్జి చెయ్యకముందే లుసియా నాకో ఫొటో పంపింది. ఎఫ్రాయిన్ ఫ్యాక్టరీ గేటు. దాని ముందు రోడ్డు మీద చాలామంది మనుషులు. మధ్యలో నల్లబట్టల్లో ఒఫేలియా. ఆమె మొగుడు పడిపోయిన బస్టాపు ఆ పక్కనే కనబడుతోంది. అందరి చేతుల్లో అట్టలు. ఒఫేలియా చేతిలోని అట్ట మీద తెలుగు అక్షరాలు!

హరిణి రాసి పంపిందట, లుసియా అడిగితే. వాళ్లు బొమ్మ గీసినట్టు గీశారు. హే మీది ఏత్వం పక్కకు జారిపోయింది. శ కింద ఉండాల్సిన వ వత్తు విడిగా ఎక్కడో అంచున పడింది. అయినా చదవొచ్చు. ఉమామహేశ్వర్.

ఫోను ఆయన కళ్ల ముందు పెట్టాను. ఆయన ఎడమచేత్తో తెర మీద వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం దగ్గర ఆగి చూశారు. కట్టేసిన పళ్ల మధ్య నుంచి ఏదో శబ్దం వచ్చింది. అది నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. ఛాయాదేవి మాత్రం ఒఫేలియా మొహాన్నే పెద్దది చేసి చూసింది.

"ఎంత బక్కగయ్యింది," అంది.

ఎన్నో దేశాల ఫ్యాక్టరీల నుంచి అలాంటి ఫొటోలు వచ్చాయి. ఒక దేశంలో మధ్యాహ్నం షిఫ్టు నిలిపేశారు. ఒక దేశంలో రేవు కార్మికులు ఈ కంపెనీ సరుకు ముట్టేది లేదన్నారు. కంపెనీ పెద్ద ఆఫీసు నుంచి మనుషులు దిగారు. దాడితో తమకు సంబంధం లేదని చెప్పారు. విచారణ అన్నారు. కాంట్రాక్టు వాళ్లలో సగం మందిని పర్మనెంటు చేశారు. మిగతా సగం సంగతి తర్వాత చూస్తామన్నారు. ఆ కబురు చెప్పడానికి పర్మనెంటయిన వాళ్లు స్వీట్ డబ్బాతో ఇంటికొచ్చారు. ఉమామహేశ్వర్ గారు లడ్డూ నమలలేరు. పాలలో చిదిపి ఇస్తే తాగారు.

ఆయన మళ్లీ మిషన్ ఎక్కలేదు. స్టోరులో పట్టాభిరామయ్య దగ్గర తేలిక పని ఇచ్చారు కానీ, లోపల మిషన్ల చప్పుడు వినబడినప్పుడల్లా లేచి వెళ్లి తలుపు దగ్గర నిలబడేవారట. కొన్నాళ్లకు తనే మానేశారు. ఇప్పుడు ముందు గదిలో ఛాయాదేవి పక్కన కూర్చుని ఎడమచేత్తో దారపు రీళ్లు రంగుల వారీగా సర్దుతుంటారు. మాట ఎప్పటికీ సరిగా రాలేదు. నాకు పదిలో రెండు ముక్కలు అందుతాయి. హరిణికి సగం. ఛాయాదేవికి మాత్రం అన్నీ తెలుస్తాయి.

పోయిన చలికాలంలో లుసియా మళ్లీ ఫోను చేసింది. ఒఫేలియా ఆ ఊరు విడిచి వాళ్ల అక్క దగ్గరికి వెళ్లిపోతోందట. వెళ్లేముందు ఒకసారి ఈయన్ని చూడాలంది. ఆదివారం సాయంత్రం ముందు గదిలోనే, కుట్టుమిషన్ బల్ల మీద ఫోను నిలబెట్టాం. ఒఫేలియా వెనక గదిలో సామాను మూటలు కట్టి ఉన్నాయి.

మొదట ఆయనే ఏదో అన్నారు.

"పిల్లలు మంచిగున్నరా అంటున్నడు," అంది ఛాయాదేవి నాతో. నేను లుసియాకు చెప్పాను.

చిన్నది తనతో వస్తోందనీ, పెద్దమ్మాయి రాననందనీ ఒఫేలియా చెప్పింది. ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి చేరిందట. యూనియన్‌లో కూడా చేరింది. తండ్రి నిలబడిన మీటింగుల్లో ఇప్పుడు తను నిలబడుతోంది.

అది విని ఛాయాదేవి ముందుకు వంగి, ఫోనుకేసి గట్టిగా అంది. "వద్దని చెప్పున్రి మేడం! ఆ బిడ్డను అండ్లకెల్లి తీసుకొని పొమ్మని చెప్పున్రి. ఒక్క పానం పోయింది సాలదా?"

ఉమామహేశ్వర్ గారు ఎడమచేత్తో ఆవిడ భుజం పట్టుకున్నారు. నేను ఆగాను. అవతల ఒఫేలియా, ఆవిడ ఏమంది, అని అడుగుతోంది. ఉన్నదున్నట్టు చెప్పాను. లుసియా నెమ్మదిగా స్పానిష్‌లో చెప్పింది.

ఒఫేలియా కళ్లు తుడుచుకోలేదు. "నేనూ అదే చెప్పాను," అంది. "వినలేదు."

అప్పుడాయన ఏదో అన్నారు. ఈసారి ఛాయాదేవికీ అందలేదు; చెవి దగ్గరగా పెట్టి, మళ్లీ అనమంది. ఆయన ఇంకోసారి అనలేదు. తల అడ్డంగా ఊపి తెర వైపు చూస్తూ ఉండిపోయారు. అక్కడ తెల్లవారుతోంది. ఒఫేలియా వెనక కిటికీలోంచి వెలుతురు మూటల మీద పడుతోంది. ఎవరో పీకో కోసం చీర పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, మమ్మల్ని చూసి, తర్వాత వస్తానని వెళ్లిపోయారు.